హిరోషిమా చూశాక నాగసాకి ఎందుకు వెళ్ళాలి? రెండు లోయల ఊరిని రెండు రోజుల్లో చూసే దారి

మీరు అడిగింది ఇదీ: నవంబరు మొదటి వారంలో హిరోషిమా చూసుకుని ఫుకుఓకా వస్తారు. అక్కడ రెండు రోజులు ఖాళీ. నాగసాకి కూడా బాంబు పడిన ఊరే కదా, మళ్ళీ అదే చూసినట్టు అవుతుందా అని అనుమానం. వెంట అమ్మగారు, నాన్నగారు ఉన్నారు. ఇద్దరూ శాకాహారులు, నాన్నగారికి మోకాళ్ళ నొప్పి. ఈలోపు ఒకరు "పొద్దున్నే రైలెక్కి పీస్ పార్కు, మ్యూజియం చూసి సాయంత్రానికి వెనక్కొచ్చేయొచ్చు" అని రాశారు.

నేను నాగసాకి ఉన్న క్యూషూ దీవిలోనే ఉద్యోగం చేస్తున్నాను. మనవాళ్ళు ఎవరొచ్చినా నాగసాకి తిప్పే పని నా మీదే పడుతుంది, నాకూ అది ఇష్టమైన పని. అందుకే ఆ పైన రాసిన సలహా వద్దని గట్టిగా చెప్తున్నాను. అలా వెళ్తే మీ అనుమానమే నిజమవుతుంది, హిరోషిమాలో చూసిందే ఇంకొంచెం చిన్నగా చూసి వస్తారు. ఒక రాత్రి ఉండేట్టు వెళ్ళండి. బాంబు పడిన చోటుని మొదట కాదు, చివర చూడండి. ఆ చోట అంతకుముందు మూడొందల యాభై ఏళ్ళుగా ఏం జరుగుతూ వచ్చిందో తెలిశాక అక్కడ నిలబడితే, అక్కడ పోయిందేమిటో సరిగ్గా అర్థమవుతుంది. ఈ వరస ఒక్కటి పట్టుకుంటే మిగతాదంతా మీ వీలునిబట్టి మార్చుకోవచ్చు.

ముందు ఊరి రూపం చెప్పాలి. నాగసాకి చదునైన ఊరు కాదు. సన్నటి సముద్రపు పాయ లోపలిదాకా చొచ్చుకొచ్చి, చుట్టూ కొండలు, ఆ కొండల మీద మెట్లు మెట్లుగా ఇళ్ళు. ఆ పాయలో కలిసే నదులు రెండు. నకాషిమా నది లోయలో పాత ఊరు ఉంది: రేవు, వర్తకుల వీధులు, చైనా గుళ్ళు, డచ్చివాళ్ళ దెజిమా. ఉత్తరాన ఉరకామి నది లోయ. అది చాలాకాలం ఊరి బయటి పల్లె, రైతులుండే చోటు. రెండింటి మధ్యా కొండలు అడ్డం. 1945 ఆగస్టు 9న బాంబు మోసిన విమానం మొదట వెళ్ళింది ఇక్కడికి కాదు, కొకురాకి. మబ్బు, పొగ కమ్మేసి గురి కనపడక మూడుసార్లు తిరిగి, నాగసాకికి మళ్ళింది. ఇక్కడా మబ్బే. వేయాలనుకున్నది పాత ఊరి నడిబొడ్డున. పడింది అక్కడికి వాయవ్యంగా సుమారు మూడు కిలోమీటర్ల దూరాన, ఉరకామి లోయ మీద. కొండలు అడ్డుపడటంవల్ల పాత ఊరిలో చాలా భాగం నిలిచింది, ఉరకామి తుడిచిపెట్టుకుపోయింది. అందుకే హిరోషిమాలో కనపడని నాలుగొందల ఏళ్ళ నాటి గుడి ఇక్కడ నిక్షేపంగా ఉంటుంది, ట్రామ్‌లో ఇరవై నిమిషాల దూరంలో ఒక లోయ మొత్తం 1945 తర్వాత కట్టింది కనపడుతుంది.

మీరు హిరోషిమా నుంచి షింకాన్సెన్‌లో వస్తుంటే, హకతాకి (ఫుకుఓకాలో మీరు దిగే స్టేషన్) ముందు స్టేషన్ కొకురాయే. రైలు అక్కడ ఆగినప్పుడు అమ్మగారికి నాన్నగారికి చూపించండి. ఆ రోజు ఆకాశం తేటగా ఉంటే చరిత్రలో పేరు ఆ ఊరిదే అయ్యేది.

హకతా నుంచి నాగసాకికి నేరుగా షింకాన్సెన్ లేదు. "రిలే కమొమె" అనే ఎక్స్‌ప్రెస్ ఎక్కి తకేఓ ఆన్సెన్ అనే చోట దిగితే, అదే ప్లాట్‌ఫారం మీద ఎదురుగా షింకాన్సెన్ సిద్ధంగా ఉంటుంది. మెట్లెక్కే పని లేదు. 2022 సెప్టెంబరులో మొదలైన ఈ ముక్క 66 కిలోమీటర్లే. మొత్తం గంటన్నర వేసుకోండి. ఉదయం తొమ్మిదింటికి బయల్దేరితే పదకొండు లోపు నాగసాకిలో ఉంటారు. సామాను స్టేషన్ లాకర్లో పెట్టేయండి, ఎందుకంటే మొదట చూడాల్సిన చోటు స్టేషన్‌కి ఐదారు నిమిషాల నడకలోనే ఉంది.

దాని పేరు నిషిజాకా. చిన్న గుట్ట. కొంచెం ఎత్తు ఎక్కాలి, నాన్నగారికి కష్టమనిపిస్తే టాక్సీ పెట్టుకోండి. 1597 ఫిబ్రవరి 5న ఇరవై ఆరుగురు క్రైస్తవుల్ని ఇక్కడ శిలువ వేశారు. ఆరుగురు ఫ్రాన్సిస్కన్ అనే సంఘానికి చెందిన విదేశీ సన్యాసులు, మిగతావాళ్ళు జపాన్ వాళ్ళే. క్యోటో ప్రాంతం నుంచి చలికాలంలో నడిపించుకుంటూ తీసుకొచ్చారు. అందరిలో చిన్నవాడికి పన్నెండేళ్ళు. ఇప్పుడక్కడ వాళ్ళందరి నిలువెత్తు కంచు విగ్రహాలు ఒకే వరసలో ఉంటాయి, 1962లో పెట్టారు. పాదాలు నేలకి ఆనకుండా, పైకి తేలుతున్నట్టు ఉంటాయి. విగ్రహాల ఎత్తుల్లో తేడా గమనించండి, పిల్లలు ఎవరో మీకే తెలిసిపోతుంది.

ఇంతదూరం నడిపించి ఇక్కడే ఎందుకు చంపారంటే, అప్పటికి నాగసాకి జపాన్‌లో క్రైస్తవానికి గుండెకాయ. 1571 దాకా ఇది పేరులేని జాలరి పల్లె. ఆ ప్రాంతపు ప్రభువు ఓమురా సుమితాదా అప్పటికే బాప్తిస్మం తీసుకున్నాడు. పోర్చుగీసు ఓడల కోసం రేవు తెరిచాడు, 1580లో ఊరినే జెసూట్లు అనే క్యాథలిక్ ఫాదర్ల సంఘానికి రాసిచ్చేశాడు. చర్చిల చుట్టూ పెరిగిన ఊరు ఇది. అప్పట్లో జపాన్‌ని ఏలుతున్న హిదెయోషి దాన్ని వెనక్కి లాక్కున్నాడు. తర్వాత వచ్చిన సైనిక పాలకులు, తోకుగావా షోగన్లు, 1614లో మతాన్నే నిషేధించి చర్చిలన్నీ పడగొట్టించారు. ఆ పడగొట్టడం కళ్ళతో చూడాలంటే ఒక చోటుంది, టూరిస్టులు దాదాపు వెళ్ళరు. సకురమాచి ప్రాథమిక పాఠశాల కొత్త భవనం కడుతూ తవ్వితే, 1609లో కట్టి 1614లో కూల్చేసిన శాంటో డొమింగో చర్చి పునాదులు, రాళ్ళు పరిచిన దారి బయటపడ్డాయి. ఆ చర్చి స్థలంలో తర్వాత సర్కారు అధికారి బంగళా కట్టుకున్నాడు. ఇప్పుడు పైన పిల్లలు చదువుకుంటున్నారు, కింద ఆ తవ్వకాన్ని అలాగే ఉంచి చిన్న మ్యూజియం చేశారు. టికెట్ లేదు. సోమవారం మూసి ఉంటుంది. పది నిమిషాలు చాలు, కానీ ఊరి చరిత్ర పొరలు పొరలుగా నేలలో ఎలా ఉందో ఇంత సూటిగా చూపించే చోటు నాకింకోటి తెలీదు.

అక్కడి నుంచి దెజిమా. దీనికి రెండు గంటలు ఉంచుకోండి, హడావిడి పడొద్దు. పోర్చుగీసుల్ని ఊరి జనంతో కలవనీయకుండా ఒకచోట కట్టేయడానికి 1634 నుంచి 1636 దాకా సముద్రంలో మట్టి పోసి విసనకర్ర ఆకారంలో దీవి కట్టారు. ఖర్చు పెట్టుకున్నది నాగసాకి వర్తకులు ఇరవై ఐదుగురు. మూడేళ్ళకే పోర్చుగీసుల్ని పూర్తిగా వెళ్ళగొట్టడంతో దీవి ఖాళీ అయింది. 1641లో హిరాదో నుంచి డచ్చివాళ్ళని తెచ్చి ఇందులో పెట్టారు. అప్పటి నుంచి 1850ల దాకా, రెండొందల ఏళ్ళకు పైగా, యూరప్‌తో జపాన్ అధికారిక వర్తకం జరిగింది ఈ పదిహేను వేల చదరపు మీటర్ల నేల మీదే. మన లెక్కలో నాలుగెకరాలు కూడా లేదు! అనుమతి లేకుండా వంతెన దాటి ఊళ్ళోకి రాకూడదు. మతం మాట ఎత్తకూడదు. వాళ్ళు తెచ్చిన పుస్తకాలు, వైద్యం, పంచదార మాత్రం దేశమంతా పాకాయి. 1823లో ఇక్కడ వైద్యుడిగా చేరిన జర్మన్ సీబోల్డ్‌కి ఊరి బయట నరుతకిలో బడి నడిపే అనుమతి దొరికింది. దేశం నలుమూలల నుంచి కుర్రాళ్ళు వచ్చి వైద్యం నేర్చుకున్నారు. నిషేధించిన జపాన్ పటాలు సంపాదించాడని తేలి 1829లో అతన్ని వెళ్ళగొట్టారు. ఇక్కడి స్త్రీతో అతనికి పుట్టిన కూతురు కుసుమొతో ఇనే, తండ్రి శిష్యుల దగ్గరే చదువుకుని, జపాన్‌లో పాశ్చాత్య వైద్యం చేసిన తొలి మహిళగా పేరు తెచ్చుకుంది.

తెలుగువాళ్ళు దెజిమాని ఇంకొంచెం శ్రద్ధగా చూడాలని నేను అడిగేది ఇందుకు. ఇక్కడికొచ్చిన డచ్ కంపెనీ, మన మచిలీపట్నంలో 1600ల మొదట్లోనే వర్తకశాల పెట్టిన కంపెనీ ఒకటే. బందరులో డచ్చివాళ్ళ సమాధులు ఇప్పటికీ ఉన్నాయి కదా, వాళ్ళే. కోరమాండల్ తీరంలో కొన్న అద్దకం బట్టలు బటావియా (ఇప్పటి జకార్తా) మీదుగా దెజిమాకి చేరేవి. జపాన్‌లో వాటికి "సరసా" అని పేరు, విపరీతమైన మోజు. గజాల లెక్కన కట్టుకునే స్తోమత కొద్దిమందిదే. టీ ఉత్సవం పెద్దలు చిన్న చిన్న ముక్కలు సంపాదించి, విలువైన టీ పాత్రలకి సంచులుగా కుట్టించుకునేవాళ్ళు. హికోనె ప్రభువుల ఇంట్లో అలాంటి నాలుగొందలకు పైగా ముక్కలు పోగుచేశారు, అవి ఇప్పుడు టోక్యో నేషనల్ మ్యూజియంలో ఉన్నాయి. తిరుగు ప్రయాణంలో ఈ రేవు నుంచి వెళ్ళిన ముఖ్యమైన సరుకు రాగి. ఆ జపాన్ రాగిని డచ్చివాళ్ళు మన కోరమాండల్ తీరంలోనే పెద్దఎత్తున అమ్మారు. మన అద్దకం ఇక్కడికి, ఇక్కడి రాగి మన గిన్నెల్లోకి, నాణేల్లోకి. దెజిమాలో గోదాములు చూసేటప్పుడు ఇది గుర్తుంటే ఆ గదులు వేరేగా కనపడతాయి.

ఇప్పుడు దెజిమా చుట్టూ నీళ్ళు లేవు. షోగన్ల తర్వాత వచ్చిన మెయిజీ చక్రవర్తి కాలంలో సముద్రాన్ని పూడ్చేశారు, ఊరి మధ్యలో చిక్కుకుపోయింది. 1950ల నుంచి నగరపాలక సంస్థ ఆ స్థలాలు ఒక్కొక్కటే కొని, పాత బొమ్మలు, చిన్న నమూనాలు చూసి ఇళ్ళు మళ్ళీ కట్టింది. 2017లో వంతెన కూడా కట్టారు. కట్టినవి కొత్తవే అయినా పని చాలా నిజాయితీగా చేశారు. డచ్ అధికారి గదిలో తాటామీ చాపల మీద కుర్చీలు, భోజనాల బల్ల వేసి ఉంటాయి చూడండి. నేల చదును, నాన్నగారికి ఇబ్బంది ఉండదు. పై అంతస్తులకి మాత్రం మెట్లున్నాయి.

దెజిమా పక్కనే షిన్చి చైనా వీధి. డచ్చివాళ్ళ గురించి అందరూ చెప్తారు గానీ, నాగసాకిలో చైనా వాళ్ళ సంఖ్య, వర్తకం రెండూ వాళ్ళకన్నా చాలా పెద్దవి. మొదట్లో వాళ్ళు ఊళ్ళోనే ఉండేవాళ్ళు. తాము క్రైస్తవులం కాదని చూపించుకోవడానికి, సముద్ర ప్రయాణం క్షేమంగా జరగాలని మొక్కుకోవడానికి, ఏ ప్రాంతం వాళ్ళు ఆ ప్రాంతపు గుడి కట్టుకున్నారు. చైనాలోని ఫుజో వాళ్ళ గుడి సోఫుకుజీ, 1629లో మొదలైంది. ట్రామ్ ఆఖరి స్టాపుకి దగ్గర్లోనే ఉంటుంది. అందులో ఎర్రటి లోపలి ద్వారం, ప్రధాన మందిరం రెండూ జాతీయ సంపదగా ప్రకటించినవి. అక్కడ మనిషి లోపల దిగి నిలబడగలిగేంత పెద్ద ఇనప డేగిసా ఒకటి ఉంది. 1680ల కరువులో ఊరి జనానికి గంజి కాచిపోయడానికి పోతపోయించింది. నాకు ఆ గుడిలో అన్నిటికన్నా నచ్చేది అదే. మెట్లున్నాయి గానీ తక్కువే.

దగ్గర్లోనే నకాషిమా నది మీద మెగానెబాషి, అంటే కళ్ళజోడు వంతెన. కోఫుకుజీ అనే మరో చైనా గుడి రెండో అధిపతి 1634లో కట్టించాడు. రెండు కమానులు, నీళ్ళలో నీడతో కలిస్తే రెండు గుండ్రటి అద్దాల్లా కనపడతాయి. ఫోటోకి అందరూ ఆగుతారు. 1982 జులై 23 రాత్రి వరదలో ఇది కొంత కూలి, కొట్టుకుపోయిన రాళ్ళు వెతికి తెచ్చి మళ్ళీ పేర్చారు. ఆ వాన, కొండచరియలు నాగసాకి ప్రాంతంలో 299 మందిని బలి తీసుకున్నాయి. కొండల మధ్య ఊరికి ఆ కొండలే కాపలా, ఆ కొండలే గండం.

సాయంత్రం ఇనసా కొండ. 333 మీటర్లు. ఫుచి గుడి దగ్గర నుంచి రోప్‌వే ఉంది, అక్కడిదాకా టాక్సీలో వెళ్ళండి. నవంబరులో ఐదున్నరకల్లా పొద్దు గుంకుతుంది, ఐదింటికే పైన ఉంటే వెలుగూ చీకటీ రెండూ చూస్తారు. జపాన్‌లో పేరున్న రాత్రి దృశ్యాల్లో ఇదొకటి. పైనుంచి రెండు లోయలూ, మధ్యలో కొండలూ స్పష్టంగా కనపడతాయి. రేపు వెళ్ళబోయే ఉరకామి ఎటుందో అక్కడే నాన్నగారికి చూపించండి. పైన గాలి కొడుతుంది, శాలువా తీసుకెళ్ళండి.

తిండి సంగతి. నాగసాకి ప్రసిద్ధ వంటకం చాంపొన్. 1899లో ఫుజియాన్ నుంచి వచ్చిన ఒకాయన పెట్టిన హోటల్లో పుట్టిందని చెప్తారు. పులుసు పంది, కోడి ఎముకలతో కాస్తారు, మీవాళ్ళకి పనికిరాదు. "మాంసం తీసేయండి" అంటే పైన ముక్కలు తీస్తారు గానీ పులుసు అదే. కూరగాయల వంటకాల్లో కూడా చేప రసం ఉంటుంది, అది వాళ్ళ లెక్కలో మాంసం కాదు, కాబట్టి చేప, చేప రసం రెండూ వద్దని విడిగా రాయించుకుని చూపించండి. ఈ ఊరితో ముడిపడ్డ శాకాహారం ఒకటి ఉంది. 1654లో చైనా నుంచి వచ్చిన ఇంగెన్ అనే గురువు తెచ్చిన ఒబాకు అనే జెన్ బౌద్ధ సంప్రదాయపు వంట, పేరు ఫుచా. అందరూ ఒకే బల్ల చుట్టూ కూర్చుని పంచుకు తింటారు. ముందుగా చెప్తేనే చేస్తారు, ఖర్చు ఎక్కువే. హోటల్ వాళ్ళతో ఫోన్ చేయించండి, కుదిరితే వదులుకోకండి. కుదరకపోతే నేపాలీవాళ్ళు నడిపే ఇండియన్ రెస్టారెంటులో పప్పు, రొట్టె దొరుకుతాయి. కన్వీనియన్స్ స్టోర్లో ఉప్పన్నం ముద్ద, పెరుగు, అరటిపళ్ళు ఉంటాయి. నవంబరులో మికాన్ కమలాల కాలం మొదలవుతుంది, నాగసాకి వైపు తోటలు బాగా ఉన్నాయి. కస్తెరా అనే కేకు అందరూ కొంటారు. పోర్చుగీసులు నేర్పిన వంట, దెజిమా పంచదారతో బతికింది, అడుగున పంచదార పలుకులు పంటికి తగులుతాయి. కానీ అది నిండా గుడ్లే. అమ్మగారికి ముందే చెప్పండి.

రెండో రోజు పొద్దున్నే ట్రామ్‌లో ఇషిబాషి దాకా వెళ్ళండి. మ్యాపులు ఓఉరా చర్చి స్టాపులో దింపి ఎత్తు ఎక్కిస్తాయి, ఆ మాట వినకండి. ఇషిబాషి దగ్గర ఏటవాలుగా ఎక్కే లిఫ్టు ఉంది, ఊరివాళ్ళ కోసం కట్టింది, డబ్బు అక్కర్లేదు. అది ఎక్కి, పైన ఇంకో లిఫ్టు ఎక్కితే గ్లోవర్ గార్డెన్ పై గేటుకి చేరతారు. అక్కడి నుంచి అంతా దిగుడే. దిగడం కూడా మోకాళ్ళకి భారమే కాబట్టి నెమ్మదిగా, కూర్చుంటూ దిగండి.

గ్లోవర్ స్కాట్లండ్ వర్తకుడు. 1859లో ఇరవై ఒక్క ఏళ్ళ వయసులో వచ్చాడు. షోగన్‌కి ఎదురుతిరిగిన సంస్థానాలకి ఓడలు, తుపాకులు అమ్మాడు, రహస్యంగా ఇంగ్లండ్ వెళ్ళే కుర్రాళ్ళకి సాయం చేశాడు, బొగ్గు గనిలో, ఓడల రేవులో పెట్టుబడి పెట్టాడు. 1863 నాటి అతని ఇల్లు జపాన్‌లో మిగిలిన పాశ్చాత్య పద్ధతి చెక్క ఇళ్ళలో అన్నిటికన్నా పాతది. గైడ్లు అతని విజయాల దగ్గర ఆపేస్తారు. నాకు ఎక్కువ గుర్తుండేది అతని కొడుకు కురబా తొమిసబురో. తల్లి జపాన్ స్త్రీ. చదువుకున్నవాడు, చిత్రకారుల్ని పెట్టి ఈ సముద్రంలో చేపలన్నిటికీ బొమ్మలు వేయించినవాడు. యుద్ధకాలంలో అతన్ని గూఢచారేమో అన్నట్టు చూశారు. ఇంటి వాకిట్లోంచి ఎదురుగా మిత్సుబిషి ఓడల కర్మాగారం కనపడుతుంది, అప్పుడక్కడ ముసాషి యుద్ధనౌక గుట్టుగా కడుతున్నారు. 1939లో ఆ ఇల్లు మిత్సుబిషి చేతికి వెళ్ళిపోయింది. యుద్ధం ముగిసిన పదకొండు రోజులకి, 1945 ఆగస్టు 26న, అతను ఉరి వేసుకున్నాడు. ఆ కర్మాగారం ఇప్పటికీ ఎదురుగానే ఉంది. 1909 నాటి పెద్ద క్రేన్ కూడా అక్కడే ఉంది.

కింద గేటు దాటగానే ఓఉరా చర్చి. విదేశీయుల కోసం ఫ్రెంచి ఫాదర్లు 1864లో కట్టారు. జపాన్ వాళ్ళకి క్రైస్తవం అప్పటికీ నిషేధమే. 1865 మార్చి 17న ఉరకామి నుంచి పది పదిహేను మంది రైతులు చర్చి చూడటానికన్నట్టు వచ్చారు. వాళ్ళలో ఒకామె ఫాదర్ పెతిజాఁ దగ్గరికి వచ్చి, మా మనసూ మీ మనసూ ఒకటేనని మెల్లగా చెప్పి, శాంటా మరియా బొమ్మ ఎక్కడుందని అడిగింది. రెండొందల యాభై ఏళ్ళు! ఒక్క ఫాదరు లేడు, చర్చి లేదు. ఏటా కొత్త సంవత్సరంలో సర్కారు వాళ్ళు యేసు, మరియమ్మల కంచు బొమ్మ నేల మీద పెట్టి తొక్కమనేవాళ్ళు, తొక్కేవాళ్ళు. ఇంటికొచ్చి క్షమించమని ప్రార్థించేవాళ్ళు. కన్నొన్ అనే బౌద్ధ దేవత బొమ్మని మరియమ్మగా కొలిచేవాళ్ళు. ప్రార్థనలు నోటి నుంచి నోటికి, తల్లి నుంచి బిడ్డకి. ఆమె చూడాలన్న ఆ మరియమ్మ విగ్రహం ఇప్పటికీ లోపల ఉంది. ఈ ఒక్క కారణానికి నేను నాగసాకికి ఎవర్నయినా తీసుకెళ్తాను. చర్చిలోకి మెట్లున్నాయి, నాన్నగారిని చేయి పట్టుకుని ఎక్కించండి. పక్కనే మ్యూజియంలో ఈ కథంతా ఉంది.

ఆ సంతోషం నిలవలేదు. బయటపడ్డ పాపానికి 1867లో అరెస్టులు మొదలయ్యాయి. షోగన్లు పోయి మెయిజీ ప్రభుత్వం వచ్చాక కూడా ఆగలేదు, ఇంకా పెరిగింది. ఉరకామి ఊరు ఊరంతా, సుమారు 3,400 మందిని, దేశంలో వేర్వేరు చోట్లకి ప్రవాసం పంపారు. ఆకలి, చలి, చిత్రహింసలు. ఆరొందల మందికి పైగా చనిపోయారు. విదేశాల ఒత్తిడితో 1873లో నిషేధం ఎత్తేశాక మిగిలినవాళ్ళు తిరిగొచ్చారు. వచ్చి, తమ చేత ఏటా బొమ్మ తొక్కించిన గ్రామాధికారి ఇంటి స్థలాన్నే డబ్బు పోగేసి కొన్నారు. 1895లో అక్కడ చర్చి మొదలుపెట్టి 1914లో పూర్తిచేశారు. తూర్పు ఆసియాలోని పెద్ద చర్చిల్లో ఒకటిగా పేరొచ్చింది.

ఇది తెలిశాక ట్రామ్ ఎక్కండి. షిన్చిలో మారి, 1వ నంబరు లైన్లో ఉత్తరానికి. ఆ రైతులు నడిచొచ్చిన దారికి తిరుగుదారి అదే. మ్యూజియం స్టాపులో దిగి అణుబాంబు మ్యూజియం ముందు చూడండి. గుండ్రంగా చుట్టు తిరిగే వాలు దారిలో దిగుతూ వెళ్తారు, మెట్ల బాధ లేదు. 11:02 దగ్గర ఆగిన గోడ గడియారం, పధ్నాలుగేళ్ళ అమ్మాయి డబ్బాలో బొగ్గయిన అన్నం. ఆ సంవత్సరం చివరికి చనిపోయినవాళ్ళు 73,884 మంది అని నగరం అంచనా. బయటికొచ్చి దిగితే బాంబు పేలిన చోటు. ఐదొందల మీటర్ల ఎత్తున పేలింది, దాని కింద నల్లరాతి స్తంభం. పక్కనే ఉరకామి చర్చి గోడ ముక్కని తెచ్చి నిలబెట్టారు. ఏటి గట్టున అద్దం వెనక 1945 నాటి నేల పొరని అలాగే ఉంచారు, పెంకులు, కరిగిన గాజు అందులో కనపడతాయి. చాలామంది చూడకుండానే పోతారు, వెతికి చూడండి.

పీస్ పార్కుకి ఎస్కలేటర్ ఉంది. నీలి విగ్రహం దగ్గర ఫోటోలు దిగే జనం ఎక్కువ. ఆ నేల మీదే జైలు ఉండేదని, అందులో ఉన్న 134 మందీ ఒక్క క్షణంలో పోయారని, పునాదులు ఇంకా కనపడతాయని చెప్పే బోర్డు దగ్గర జనం ఉండరు. అక్కడ ఆగండి. అక్కడి నుంచి ఉరకామి చర్చి పది నిమిషాల నడక, చివర ఎత్తు ఉంది. ఆ రోజు పొద్దున, ఆగస్టు 15 మరియమ్మ పండగ దగ్గరపడుతోందని జనం పాపసంకీర్తనకి, అంటే ఫాదర్ల దగ్గర పాపాలు ఒప్పుకోవడానికి, వచ్చారు. లోపలున్న ఇద్దరు ఫాదర్లు, జనం, ఒక్కరు మిగల్లేదు. ఉరకామిలో ఉన్న సుమారు 12,000 మంది క్రైస్తవుల్లో 8,500 మంది దాకా చనిపోయారు. నిషేధం, ప్రవాసం దాటి వచ్చినవాళ్ళ పిల్లలు, మనవలు. ఇప్పుడున్నది 1959లో కట్టింది. వాకిట్లో కాలి నల్లబడిన సాధువుల విగ్రహాలు, గట్టు కింద అప్పుడు దొర్లిపడ్డ గంటగోపురం అలాగే ఉన్నాయి. లోపల కళ్ళు కాలిపోయిన మరియమ్మ చెక్క తల ఉంటుంది. ప్రార్థన జరుగుతుంటే లోపలికి వెళ్ళొద్దు, ఫోటోలు అసలు వద్దు. చర్చి గోపురాల్లో మోగే పాత గంటలు రెండిట్లో ఒకటి బాంబుకి పగిలిపోయింది. అమెరికా క్యాథలిక్కులు చందాలు వేసుకుని కొత్తది పోయించి పంపారు, 2025 ఆగస్టు 9న 11:02కి రెండూ కలిసి మోగాయి. ఓపిక ఉంటే దగ్గర్లోనే డాక్టర్ నాగాయి తకాషి ఇల్లు ఉంది, రెండు తాటామీ చాపలు పట్టేంత చిన్న గది. ఎక్స్‌రే పనివల్ల బాంబుకి ముందే రక్త క్యాన్సర్ వచ్చినవాడు. భార్యని బాంబుకి పోగొట్టుకుని, గాయాలతోనే రోగుల్ని చూసి, చివరి ఏళ్ళు ఆ గదిలో పడుకునే రాస్తూ 1951లో పోయాడు.

గుంకాన్‌జిమా గురించి కూడా అడిగారు. 1974లో ఖాళీ అయిన బొగ్గుగని దీవి, ఫోటోల్లో అద్భుతంగా ఉంటుంది. యుద్ధకాలంలో కొరియా, చైనా మనుషుల చేత బలవంతంగా పని చేయించిన చోటు కూడా. సగం రోజు పోతుంది, అలలుంటే పడవ ఒడ్డుకి ఆనదు, దీవి మీద ఉన్నంతసేపూ నిలబడాలి, నడవాలి. మోకాళ్ళ నొప్పితో వద్దు. మీరొక్కరే ఇంకోసారి వచ్చినప్పుడు చూడండి.

ఉరకామి నుంచి నాలుగున్నరకల్లా కదిలితే స్టేషన్‌లో సామాను తీసుకుని ఆరింటి రైలుకి నింపాదిగా అందుకుంటారు. మ్యూజియం ఐదున్నరకి మూసేస్తారు, అరగంట ముందే లోపలికి వదలడం ఆపేస్తారు, కాబట్టి గ్లోవర్ దగ్గర ఆలస్యమైతే మ్యూజియం ముందు, చర్చి తర్వాత అన్న వరస మాత్రం మార్చకండి. హోటల్ షిన్చి చుట్టుపక్కల తీసుకోండి, స్టేషన్ దగ్గర కన్నా అక్కడి నుంచి రెండు ట్రామ్ లైన్లూ అందుతాయి. ట్రామ్ వెనక ద్వారంలో ఎక్కి ముందు ద్వారంలో దిగుతూ డబ్బు కట్టాలి, ఎంత దూరమైనా ఒకటే రేటు, టోక్యోలో కొన్న ఐసీ కార్డు (డబ్బు నింపి తాకించే ప్రయాణ కార్డు) పనిచేస్తుంది. ముగ్గురికీ మూడు కార్డులు ఉండాలి, ఒకే కార్డు మీద ముగ్గురు దిగాలంటే డ్రైవరుకి ముందే చెప్పాల్సి వస్తుంది, వెనక జనం ఆగిపోతారు.